పడవ మోటారుకు తగిన ప్రొపెల్లరు - కొనేముందు చూడవలసిన కొలతలు

కృష్ణకు ఈవల జగ్గయ్యపేట, నందిగామ. ఆవల పల్నాడు, గుంటూరు. మెట్ట ప్రాంతపు మిర్చి, పత్తి ఎక్కువగా లారీల మీదనే పోతున్నప్పటికీ రేవుల్లో పడవల పని పూర్తిగా పోలేదు. ముక్త్యాల - మాదిపాడు మధ్య బల్లకట్టు ఏళ్ల తరబడి నడిచిన సంగతి ఇక్కడి వర్తకులకు తెలిసినదే. 2008లో ప్రకటించిన 4వ నెంబరు జాతీయ జలమార్గంలో వజీరాబాదు నుంచి విజయవాడ వరకు కృష్ణానది చేరింది. అందులో తొలి దశకు ఎంచుకున్నది ముక్త్యాల - విజయవాడ మధ్యనున్న 82 కి.మీ. భాగమే.

పడవ మీద పెట్టుబడి పెట్టేవారు మోటారు కొనేటప్పుడు దాని గుర్రపు శక్తి అడుగుతారు, ధర అడుగుతారు, చమురు ఎంత తాగుతుందని అడుగుతారు. ప్రొపెల్లరు సంగతి అడిగేవారు తక్కువ. మోటారుతో పాటు పెట్టెలో వచ్చినది బిగించి సరుకు ఎక్కిస్తారు. ఆ ప్రొపెల్లరు సాధారణంగా తేలికపాటి పడవను ఉద్దేశించినది. బస్తాలు మోసే పడవకు అది నప్పకపోతే చమురు దండగ, మోటారు ఆయుష్షు తరుగు.

ప్రొపెల్లరు మీద రెండు అంకెలు వుంటాయి, ఉదాహరణకు 9¼ x 9 అని. మొదటిది రెక్కల కొసలు తిరిగే వలయం అడ్డుకొలత, అంగుళాల్లో. రెండవది పిచ్. మర కొయ్యలో దిగినట్లు ప్రొపెల్లరు ఒక చుట్టుకు ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో చెప్పేది ఈ పిచ్. నీరు కొయ్యవలె గట్టిది కాదు గనుక అంత దూరం పోదు. కాటా మీద తూచిన సరుకుకు తరుగు తీసినట్లే ఇక్కడా తరుగు వుంటుంది. దీనిని స్లిప్ అంటారు.

లెక్క చూడండి. 9.9 గుర్రపు శక్తి మోటారు నిమిషానికి 5,500 చుట్లు తిరుగుతున్నదనుకుందాం. గేరు నిష్పత్తి 2.08 అయితే ప్రొపెల్లరు తిరిగేది సుమారు 2,644 చుట్లు. 9 అంగుళాల పిచ్ అంటే 22.86 సెంటీమీటర్లు. గుణిస్తే గంటకు 36 కి.మీ. వస్తుంది. కాగితం మీద బాగానే వుంది. కాని నీటిని చీల్చుకుంటూ పోయే బరువు పడవ వేగానికి దాని పొడవే హద్దు. నీటిమట్టం దగ్గర 25 అడుగుల పొడవున్న పడవ గంటకు 12 కి.మీ. దాటడం కష్టం. దాని మీద ఇంకా శక్తి గుమ్మరిస్తే ముందు అల పెరుగుతుంది తప్ప ప్రయాణం పెరగదు. అటువంటి పడవకు పెద్ద పిచ్ కొనడం, 5 క్వింటాళ్ల సరుకుకు లారీ కట్టించుకోవడం వంటిది.

పెద్ద పిచ్ వల్ల మరో చెరుపు వుంది. నిండు బరువుతో థ్రాటిల్ పూర్తిగా తెరిచినా మోటారు తన చుట్లు అందుకోలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు టాప్ గేరులోనే వుంచిన లారీ మూలిగినట్లు మూలుగుతుంది, వేడెక్కుతుంది, లోపల మసి పడుతుంది. ఇన్ని చుట్ల నుంచి ఇన్ని చుట్ల వరకు తిరగాలని తయారీదారు పుస్తకంలో వ్రాసి వుంటుంది. ఈ తరహా మోటార్లు చాలావాటికి అది 5,000 నుంచి 6,000. చిన్న మోటార్లకు మీటరు వుండదు గాని స్పార్కు ప్లగ్గు తీగకు చుట్టి చుట్లు లెక్కించే మీటర్లు దొరుకుతాయి. మామూలుగా ఎక్కించే సరుకంతా ఎక్కించి చూడాలి. ఖాళీ పడవ మీద చూసిన లెక్క పనికిరాదు.

పిచ్ ఒక అంగుళం తగ్గితే చుట్లు 150 నుంచి 200 వరకు పెరుగుతాయని స్థూలమైన లెక్క. 9 అంగుళాలతో 4,700 వద్ద ఆగిపోతున్న మోటారు 7 అంగుళాలకు మారితే 5,000 - 5,100కు చేరవచ్చు. అడ్డుకొలత కొంచెం పెద్దదై, పిచ్ చిన్నదైతే బరువుకు మరీ మంచిది. అయితే తిరుగు ప్రయాణంలో ఖాళీ పడవ మీద ఇదే మోటారు 6,000 దాటిపోవచ్చు. అప్పుడు థ్రాటిల్ తగ్గించి నడపవలసిందే.

మోటారు తేలిక పడింది గదా అని మరో 10 బస్తాలు వేయడం మాత్రం కూడదు. మోటారు లాగగల బరువు వేరు, పడవ మోయగల బరువు వేరు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పర్యాటకుల పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. మోటారు పడవలకు తనిఖీ, రిజిస్ట్రేషను వుండాలని 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం చెబుతున్నది.

కిరాయి కట్టేటప్పుడు నీటివాలు కూడా లెక్కలో వేసుకోవాలి. నీటిలో గంటకు 11 కి.మీ. పోయే పడవ, ప్రవాహం 4 కి.మీ. వున్నచోట వాలుకు 15, ఎదురుకు 7 మాత్రమే పోతుంది. గంటకు 4 లీటర్లు ఖర్చనుకుంటే 20 కి.మీ. దూరానికి వాలుకు 5 లీటర్ల పైచిలుకు, ఎదురుకు 11 లీటర్ల పైచిలుకు. రెండు వైపులా ఒకే కిరాయి చెప్పినవాడు ఎక్కడో ఒకచోట నష్టపోతాడు. పులిచింతల నుంచి నీరు వదిలే రోజుల్లో ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

ఇక లోహం సంగతి. స్టీలు ప్రొపెల్లరు గట్టిదని, ఎక్కువ కాలం మన్నుతుందని దుకాణాల్లో చెబుతారు. నిజమే. కాని రాళ్లు, ఇసుక మేటలు వున్న నదిలో ఆ గట్టితనమే ముప్పు. అల్యూమినియం రెక్క రాయికి తగిలితే వంగుతుంది లేక విరుగుతుంది. వంగని స్టీలు రెక్క ఆ దెబ్బను లోపలి గేర్లకు పంపుతుంది. గేర్ల ఖరీదు ముందు అల్యూమినియం ప్రొపెల్లరు ఖరీదు చిన్నది. లోతు తక్కువైన మునేరు, పాలేరు వంటి చోట్ల అల్యూమినియమే మేలు. బొడిపెలో వుండే రబ్బరు బుష్, చిన్న మోటార్లలో షియర్ పిన్ను కూడా ఇందుకే: దెబ్బ తగిలితే ముందు అవి పోయి గేర్లను కాపాడాలి. పిన్ను తెగినప్పుడు దాని బదులు మేకు కొట్టే అలవాటు కొందరికి వున్నది. మూడు రోజులు బాగానే నడుస్తుంది. నాలుగో రోజు రాయి తగిలితే గేరు పెట్టె పగులుతుంది. పడవలో రెండు పిన్నులు, పానా, వీలైతే పాత ప్రొపెల్లరు ఒకటి వుంచుకోవడం మంచిది. నది మధ్యలో మోటారు ఆగితే బస్తాలు తడవకుండా చేర్చే పూచీ వర్తకుడిదే అవుతుంది.

ప్రొపెల్లరు సరైనదైనా మోటారు బాగా పైకి బిగిస్తే పైగాలి లాగి రెక్కలు ఊరికే తిరుగుతాయి. చుట్లు పెరుగుతాయి, పడవ కదలదు. రెక్కలకు పైన వుండే పలక పడవ అడుగు మట్టానికి గాని, ఒక అంగుళం దిగువకు గాని వుండాలి.

పాత సరుకు కొనేవారు మోటారు పేరు, గుర్రపు శక్తి చెప్పి ఊరుకోక, షాఫ్టు మీది పళ్లు లెక్కపెట్టి, బొడిపె మీద పోతపోసిన నెంబరు చూడాలి. గుర్రపుడెక్క తీగలు గాని, వలతాడు గాని ప్రొపెల్లరు వెనుక షాఫ్టుకు చుట్టుకుంటే సీలు కోసుకుపోతుంది. గేరు నూనె పాలవలె తెల్లబడితే నీరు దిగిందన్నమాట. ఆ మోటారును సీలు మార్చనిదే నీటిలో దించరాదు.