మందమర్రి: కింద బొగ్గు, పైన సోలార్

మంచిర్యాల జిల్లా మందమర్రి, సింగరేణి బొగ్గు సంస్థ ఏరియాల్లో ఒకటి. ఆ సంస్థలో తెలంగాణ రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా. విదేశీ బొగ్గు మీద మాత్రం భరోసా లేదు: 2022 జనవరిలో ఇండోనేషియా బొగ్గు ఎగుమతులను నిలిపేసింది. ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది, మార్చిలో ఆస్ట్రేలియా బొగ్గు ధర టన్నుకు 400 డాలర్లు దాటింది. ఆ వేసవిలోనే విద్యుత్ కేంద్రాలు 10 శాతం విదేశీ బొగ్గు కలపాలని కేంద్రం కోరింది. సింగరేణి ఉండగా దిగుమతి ఎందుకన్న తెలంగాణ అభ్యంతరం న్యాయమైనదే.

విదేశాలపై ఆధారపడటంలో అసలు చిక్కు సౌరవిద్యుత్తులో ఉంది. మందమర్రిలో సింగరేణికి సోలార్ ప్లాంటుంది. ఎండ మనదే, కానీ ప్రపంచ సౌర ఫలకాల తయారీలో ప్రతి దశలోనూ చైనా వాటా 80 శాతం పైమాటే. ఆ ఆధారపడటం తగ్గించడానికే 2022 ఏప్రిల్ 1 నుంచి దిగుమతి మాడ్యూళ్లపై 40, సెల్స్‌పై 25 శాతం కస్టమ్స్ సుంకం వేశారు.