వాలు భూముల్లో మట్టి, రాళ్ల కదలిక: చండ్రుగొండ పోడు భూముల దృష్ట్యా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలోని గుట్టల అంచు పోడు భూముల సంరక్షణ ప్రస్తావనకు వచ్చినప్పుడు మొదట వినిపించే సలహా గట్టు వేయడం. తక్కువ వాలులో ఇది సరైనదే. అయితే మట్టి కిందికి దిగడానికి కారణం ఒక్కటే కాదు. కారణం గుర్తించకుండా నిటారు వాలుపై వేసిన గట్టు నేల జారుడును త్వరపరచవచ్చు. 2006 అటవీ హక్కుల చట్టం కింద లభించిన భూమి వారసులకు సంక్రమిస్తుంది గాని, అమ్మడానికి వీలులేదు. అందువల్ల పైమట్టి పోయిన కుటుంబానికి ఆ భూమిని అమ్మి మరొకటి కొనుక్కొనే మార్గం ఉండదు.

బలాల సమతుల్యత

వాలుపై ఉన్న మట్టి బరువులో ఒక భాగం దానిని నేలకు అదిమి ఉంచుతుంది. మరొక భాగం కిందికి లాగుతుంది. ఈ లాగే భాగం 10 డిగ్రీల వాలులో బరువులో సుమారు 17 శాతం, 30 డిగ్రీల వాలులో 50 శాతం. రేణువుల మధ్య ఘర్షణ, బంకమన్ను సంసంజన బలం, చెట్ల వేళ్లు దీనిని ఎదిరిస్తాయి. ఎదిరించే బలం లాగే బలం కంటే తగ్గిన క్షణాన వాలు కదులుతుంది.

నీటి పాత్ర

నీరు నూనె వలె పనిచేసి మట్టిని జార్చుతుందనే వివరణ సరైనది కాదు. కొద్దిపాటి తేమ రేణువులను దగ్గరగా పట్టి ఉంచుతుంది. రంధ్రాలన్నీ నీటితో నిండినప్పుడు మాత్రం ఆ నీటి పీడనం రేణువుల మధ్య ఒత్తిడిని, తద్వారా ఘర్షణను తగ్గిస్తుంది. అదే సమయంలో మట్టి బరువు పెరుగుతుంది. 2021 డిసెంబరులో తిరుమల కనుమ రహదారిపై, 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండరాళ్లు విరిగిపడినది భారీ వర్షాల సమయంలోనే.

వేళ్ల పాత్ర

సంప్రదాయ పోడులో మోడులను నేలలోనే ఉంచి, కొన్నేళ్ల సాగు తరువాత భూమిని బీడు వదిలేవారు. మోడులు చిగురించడంతో వేళ్లు బతికి ఉండేవి. ఏటా పత్తి, మొక్కజొన్న వేయడానికి మోడులను పెకలించిన చోట ఈ పట్టు ఉండదు. చెట్టు నరికి వదిలినా, చిగురించని మోడు వేళ్లు కొన్నేళ్లలో కుళ్లి బలం కోల్పోతాయి. కనుక చెట్లు కొట్టిన ఏడాది నిలిచిన వాలు ఆ తరువాతి వానల్లోనూ నిలుస్తుందని భావించరాదు.

క్షేత్రంలో గుర్తించడం

1. వాన కోత: గులకరాళ్లు పైకి తేలడం, సన్నని చాళ్లు పడటం, దిగువన ఒండ్రు చేరడం దీని గుర్తులు. సాగులో ఉన్న తక్కువ వాలు చల్కా నేలల్లో ఇదే ప్రధానం. వాలు వెంబడి దున్నితే నాగలి కూడా మట్టిని కిందికి నెడుతుంది.

2. పాకుడు: తడిసి ఉబ్బి, ఎండి కుంగే నేల ప్రతిసారీ కొద్దిగా దిగువకు జరుగుతుంది. కంచె స్తంభాలు ఒరగడం, చెట్ల మొదళ్లు వంగడం దీనిని సూచిస్తాయి.

3. జారుడు: ఎగువన నెలవంక ఆకారంలో పగుళ్లు, దిగువన నేల ఉబ్బడం, కొత్త ఊటలు కనిపించడం ప్రమాద సూచనలు.

సిఫారసులు

వాన కోత ఉన్న చోట వాలుకు అడ్డంగా దున్నడం, కాంటూరు గట్లు, వట్టివేరు వరుసలు, కంది వంటి అంతర పంటలు అనుకూలం. పాకుడు ఉన్న చోట దుక్కి తగ్గించి, లోతుగా వేళ్లూనే చెట్లను వరుసలుగా పెంచాలి. జారుడు గుర్తులున్న చోట నీటిని నిలిపే గట్లు, కందకాలు తవ్వరాదు. ఎగువ నీటిని మళ్లింపు కాలువ ద్వారా పక్కనున్న గట్టి వాగులోకి పంపాలి. వాలు పాదాన్ని తవ్వరాదు. పగుళ్లు వెడల్పవుతుంటే దిగువనున్న ఇళ్లవారిని వెంటనే తరలించి, అధికారులకు తెలియజేయాలి.

ముగింపు

విస్తరణ శాస్త్రవేత్త గట్టుకు కొలతలు తీసే ముందు వాలును ఎగువ నుండి దిగువ వరకు నడిచి చూడాలి. మొదటి రకం కదలికకు నీటిని ఆపడం మందు. మూడవ రకానికి అదే నీటిని ఆపడం ముప్పు.