దాకానా, లోపా?

ఆఫీసు మెయిల్లో ‘బిగిన్’ బదులు ‘కమెన్స్’ అని రాస్తే ఎవరి పనీ ఆగదు. ‘బై’ బదులు ‘టిల్’ అని రాస్తే ఆగుతుంది. దగ్గరి అర్థాలున్న ఇంగ్లీషు మాటల జాబితాలు బట్టీ పట్టేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మాట మారితే చదివేవాళ్లు చేసే పని కూడా మారుతుందా? మారేవాటిని ముందు పట్టుకోండి, మిగతావి తీరిగ్గా వస్తాయి.

‘సబ్మిట్ టిల్ ఫ్రైడే’ అని మనవాళ్లు ధారాళంగా రాసేస్తుంటారు. నిజానికి ఈ తేడా మన భాషలోనే ఉంది. ‘శుక్రవారం లోపు ఇవ్వండి’ అంటే బుధవారమే ఇచ్చేసినా సరే. ‘శుక్రవారం దాకా ఉండండి’ అంటే అప్పటివరకూ ఉండాల్సిందే. లోపు అయితే ‘బై’, దాకా అయితే ‘టిల్’. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషు రాయొద్దంటారు గానీ, ఇక్కడ మాత్రం ఆలోచించే రాయండి. అయితే ఆ సూత్రం అన్నిచోట్లా పనిచేయదు. అప్పు తీసుకున్నా, ఇచ్చినా మనకు అప్పే. ఇంగ్లీషులో తీసుకుంటే ‘బారో’, ఇస్తే ‘లెండ్’.

కొన్ని మాటలకు ఊరు మారితే అర్థం మారుతుంది. మన దేశంలో ‘విల్ రివర్ట్ బై ఈవెనింగ్’ అంటే సాయంత్రానికి జవాబిస్తానని. అమెరికాలోని ప్రోగ్రామర్‌కు రివర్ట్ అంటే చేసిన మార్పును రద్దు చేయడం. కోడ్‌లో చేసే మార్పులను నమోదు చేసే గిట్‌లో ఆ పేరుతో ఏకంగా ఒక కమాండే ఉంది. కోడ్ గురించిన మెయిల్లో ‘ప్లీజ్ రివర్ట్’ అని పంపడమంటే కోరి ప్రమాదం తెచ్చుకోవడమే. ‘రిప్లై’ అనండి. ‘ఐ హావ్ ఎ డౌట్’ కూడా అంతే. మనం అడిగేది ప్రశ్న, అక్కడివాళ్లకు వినిపించేది అపనమ్మకం. ‘క్వశ్చన్’ అంటే గొడవే లేదు.

ఇది మనకొక్కరికే వచ్చిన చిక్కు కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఒక పత్రాన్ని ‘టేబుల్’ చేద్దామని బ్రిటిష్ అధికారులంటే, అమెరికన్లు వద్దని వాదించారట. బ్రిటన్‌లో ఆ మాటకు చర్చకు పెట్టడమని అర్థం, అమెరికాలో పక్కన పడేయడమని. ఇద్దరూ కోరుతున్నది ఒకటేనని తేలేసరికి చాలాసేపు పట్టిందని ఆ యుద్ధం గురించి రాస్తూ అప్పటి బ్రిటన్ ప్రధాని చర్చిల్ చెప్పాడు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సినవి ‘మస్ట్’, ‘షుడ్’, ‘మే’. ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ వీటికి అర్థాలు నిర్ణయిస్తూ 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే పత్రమే వెలువరించింది. దాని ప్రకారం ‘మస్ట్’ అంటే చేసి తీరాలి. ‘మే’ అంటే మీ ఇష్టం. ‘షుడ్’ మధ్యలో ఉంటుంది: తగిన కారణముంటే మానేయొచ్చు, కానీ మానేస్తే ఏమవుతుందో బాగా ఆలోచించుకున్నాకే. పెద్ద అక్షరాల్లో రాసినప్పుడే ఈ అర్థాలు వర్తిస్తాయని 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8174 స్పష్టం చేసింది.

క్లయింటు మెయిల్లో మాత్రం ఏ పత్రమూ అక్కరకు రాదు. అక్కడ ‘యు షుడ్’ అన్నది సలహా కావచ్చు, మర్యాదగా ఇచ్చిన ఆదేశమూ కావచ్చు. ఈ రిలీజ్‌కు ఇది తప్పనిసరా అని ఒక్క లైన్లో అడిగేయండి. మీరే స్పెసిఫికేషన్ రాస్తుంటే, ‘షుడ్’ వాడిన ప్రతిచోటా ఎప్పుడు మానేయొచ్చో పక్కనే రాయండి.