తెరమీది తుమ్మలపల్లె

కడప జిల్లాలో పులివెందులకు సమీపాన, వేముల మండలంలో తుమ్మలపల్లె అనే గ్రామం ఉంది. ఆ గ్రామానికి చెందిన విద్యార్థి ఒకడు అంతర్జాలంలో తన ఊరి పేరు వెదికాడనుకుందాం. అతనికి ముందుగా కనిపించేది ఊరు కాదు, యురేనియం. 'ప్రపంచంలోకెల్లా పెద్ద నిక్షేపం' అనే శీర్షిక పలు వెబ్‌సైట్లలో అతనికి ఎదురవుతుంది. ఆ శీర్షిక ఎక్కడ పుట్టింది?

2011లో అణుశక్తి విభాగం కార్యదర్శి శ్రీకుమార్ బెనర్జీ ఒక ప్రకటన చేశారు. ఆ ప్రాంతంలో 49,000 టన్నుల నిల్వలు నిర్ధారణ అయ్యాయనీ, అవి మూడింతలు కాగల సూచనలున్నాయనీ దాని సారాంశం. నిర్ధారణ వేరు, సూచన వేరు. వార్త ఒక వెబ్‌సైటు నుండి మరొకదానికి ప్రాకే కొద్దీ 'సూచన' అన్న మాట రాలిపోయింది. 'ఉండవచ్చు' అన్నది 'ఉంది' అయింది. ఆస్ట్రేలియాలోని ఒలింపిక్ డ్యామ్ నిక్షేపంలో పది లక్షల టన్నులకు మించిన యురేనియం ఉన్నదని ఎరిగిన పాఠకుడు ఆ శీర్షికను చూసి నవ్వుకొంటాడు. ఆపై ఆ వెబ్‌సైటు చెప్పే మరే మాటనూ అతడు నమ్మడు.

ఇది కేవలం పాండిత్యానికి సంబంధించిన విషయం కాదు. గని వ్యర్థాల వలన బోరునీరు చెడిందని చుట్టుపక్కల రైతులు ఆరోపించారు. అటువంటిదేమీ లేదని గని నిర్వాహకులు తోసిపుచ్చారు. ఇటువంటి వివాదంలో నీటిని ఏ బోరునుండి, ఏ తేదీన, ఎవరు పరీక్షించారో చెప్పని వెబ్‌సైటు ఎంత సొగసుగా ఉన్నా అరటితోట రైతుకు ఎందుకూ కొరగాదు.

అయితే దృశ్యానికి గల శక్తి తక్కువేమీ కాదు. జమ్మలమడుగుకు చేరువలోని గండికోట అందుకు నిదర్శనం. ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్నానది పారే లోయ ఛాయాచిత్రాలు అంతర్జాలంలో వ్యాపించిన పిదప, దూరప్రాంతాల యువకులు సైతం ఆ కోటను వెదుక్కొంటూ వచ్చారు. వేయి వాక్యాలు చేయలేని పనిని ఒక్క చిత్రం చేసింది. కాని చిత్రాన్ని చూసి బయలుదేరిన వానికి దారి, బస, ఏ కాలంలో లోయలో నీరుంటుందన్న వివరం కావాలి. అంచున నిలబడేటప్పుడు పాటించవలసిన జాగ్రత్త అంతకంటె ముఖ్యం. మాధవరాయస్వామి ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం ఉన్న కోటను వదలి ఒకే బండమీది నుండి తీసిన లోయ బొమ్మను పదేపదే చూపడం చిత్రదారిద్ర్యమే. ఇక బొమ్మ మరీ బరువైనదైతే పల్లెలోని బలహీనమైన సిగ్నలుకు అది తెరుచుకోనే తెరుచుకోదు.

అక్షరం కూడా దృశ్యమే. ఒకప్పుడు పలు తెలుగు వెబ్‌సైట్లు సొంత ఖతులు వాడేవి. ఆ ఖతి లేని కంప్యూటరులో తెలుగు వ్యాసం పిచ్చిగీతలుగా మారేది. వెదుకుడు యంత్రాలకు అది తెలుగని తెలిసేదే కాదు. 2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఖతి చేరిన తరువాత, యూనికోడ్ వాడుక పెరిగే కొద్దీ ఈ బాధ తగ్గింది.

ఆంధ్రభారతి వెబ్‌సైటులో మెరుపులు లేవు. అయినా పద్యానికి అర్థం కావలసినవారు అక్కడి నిఘంటువుల వద్దకు మళ్లీ మళ్లీ వెళతారు. వాటిలో బ్రౌన్ నిఘంటువు ఒకటి. కడపలో బంగళా కొని, పండితులను నియమించి, ఒకే కావ్యానికి గల పలు తాళపత్ర ప్రతులను సరిపోల్చి పాఠం నిర్ణయింపజేసిన సి.పి. బ్రౌన్ ఆనాడు చేయించిన పని, నేటి వెబ్‌సైట్లలో తరచుగా కొరవడుతున్న పనే.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో వేలాది గ్రామాలకు పుటలు ఏర్పడ్డాయి. తొలినాళ్లలో వాటిలో అనేకం ఊరు, మండలం, జిల్లా పేర్లు చెప్పి ముగిసేవి. ఆ పుటలను ఎవరైనా విస్తరించవచ్చు. తుమ్మలపల్లె విద్యార్థి తన ఊరి బడినీ, తోటలనూ, గనినీ ఫోటోలు తీసి అక్కడ చేర్చగలడు. అయితే 'ప్రపంచంలోకెల్లా పెద్దది' అని వ్రాస్తే మాత్రం, తోటి సంపాదకుడెవరో ఆ వాక్యం ప్రక్కన ఆధారం చూపమని గుర్తు పెడతాడు.