పందెముల పట్టిక

అమెరికా సంయుక్త రాష్ట్రములలో బేస్‌బాల్ పందెములు వసంతమున మొదలై శరత్తు వఱకు దాదాపు ప్రతిదినమును జరుగును. గెలుపుల లెక్కనుబట్టి జట్ల స్థానములను నిర్ణయింతురు. ఒక జట్టునకు దుర్బలులును, వేఱొక జట్టునకు బలవంతులును తఱచుగా ఎదురుపడినచో ఆ లెక్కకు విలువ యేమి? అందుచేత ఏ జట్టు ఎవరితో, ఎక్కడ, ఎన్ని మారులు తలపడవలెనో తెలుపు పట్టికను ముందుగనే సిద్ధపఱతురు.

అచ్చటి పెద్ద జట్లు అమెరికన్ లీగు, నేషనల్ లీగు అని రెండు కూటములు. 1960 వఱకు అమెరికన్ లీగునందు 8 జట్లుండెను. ప్రతి జట్టును తక్కిన యేడింటిలో ఒక్కొక్కదానితో 22 పందెములు ఆడెడిది. వానిలో 11 సొంత మైదానమునను, 11 ఎదుటివారి మైదానమునను జరిగెడివి. మొత్తము 154. ఇంతకంటె న్యాయమైన పట్టికను ఊహించుట కష్టము.

ఇట్టి జతలను కూర్చు విధమును విద్యార్థులు కాగితముపై చేసి చూడవచ్చును. పై వరుసలో 1, 2, 3, 4 అనియు, వాని క్రింద 8, 7, 6, 5 అనియు వ్రాయవలెను. పైనున్న అంకెయు దాని క్రింది అంకెయు ఒక జత. తరువాత 1ని కదల్పక, తక్కిన యేడింటిని గుండ్రముగా ఒక్కొక్క స్థానము జరుపవలెను. ఇట్లు ఏడు విడతలలో ప్రతి అంకెయు తక్కిన అన్నిటిని ఒక్కొక్క మారు కలిసికొనును. ప్రయాణపు శ్రమ తగ్గుటకై బేస్‌బాల్ జట్లు ఒక్కొక్క విడతలో ఒకే ప్రత్యర్థితో వరుసగా మూడు నాలుగు పందెములు ఆడును.

1961లో అమెరికన్ లీగు జట్లు పది యయ్యెను. తొమ్మిది ప్రత్యర్థులతో 18 చొప్పున 162 పందెములు. లెక్క సరిపోయెను గాని, ఆ యేడే ఒక వివాదము పుట్టెను. బంతిని మైదానపు హద్దు దాటించు దెబ్బను హోమ్ రన్ అందురు. 1927లో బేబ్ రూత్ 60 హోమ్ రన్‌లు కొట్టి యుండెను. 1961 అక్టోబరు 1న, తన జట్టు చివరి పందెమున, రోజర్ మారిస్ 61వది కొట్టెను. 154 పందెములకు లోపల సాధింపనిచో దానిని వేఱుగా చూపవలెనని కమిషనరు ఫోర్డ్ ఫ్రిక్ అంతకుముందే ప్రకటించి యుండెను. పట్టిక మాఱుట మారిస్ చేసిన తప్పు కాదు. ఆ భేదమును 1991లో తొలగించిరి. మారిస్ 1985లోనే మరణించెను.

జట్లు పెరిగిన కొలది పట్టిక జటిలమయ్యెను. హెన్రీ, హాలీ స్టీఫెన్సన్ అను దంపతులు 2004 వఱకు రెండు దశాబ్దములకు మించి దానిని కంప్యూటరు సాయముతో కూర్చిరి. 2013లో ఒక్కొక్క లీగునందు 15 జట్లు ఏర్పడెను. సంఖ్య బేసియగుటచే ప్రతి విడతయందును ఒక్కొక్క జట్టు మిగులును; ఆ రెంటిని ఒండొంటితో ఆడింపక తప్పలేదు.

2022 వఱకు ఒక జట్టు తన విభాగములోని నాలుగు జట్లతో 19 మారుల చొప్పున తలపడెడిది. బలమైన విభాగమున నున్నవారికి ఇది భారమే. 2023లో దానిని 13కు తగ్గించి, ప్రతి జట్టును తక్కిన 29 జట్లతోను ఆడునట్లు చేసిరి. అయినను 162ను 29చే భాగించినచో 17 శేషించును.