పాఠం: ఆయిల్ కారిందా? కాలిందా?

పిల్లలూ, 'కారడం' అంటే చుక్కలుగా బయటికి రావడం. 'కాలడం' అంటే మండిపోవడం. ఒక్క అక్షరమే తేడా, కానీ మెకానిక్‌కి అదే ముఖ్యం!

మీ నాన్నకి 1990ల నాటి మాజ్డా మియాటా ఉందనుకోండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మాటిమాటికీ తగ్గుతోంది. "ఇంజన్ పోయింది, అమ్మేస్తా" అంటున్నారు. ఆగమనండి! రాత్రి కారు కింద అట్టముక్క పరవండి. పొద్దున్నే మరక కనిపిస్తే, కారినట్టే. ఈ కారులో ఇంజన్ వెనక సెన్సర్ దగ్గరుండే రబ్బరు రింగు గట్టిపడితే అక్కడి నుంచే కారుతుంది. చిన్న రింగే, మారిస్తే సరి.

మరక లేదా? సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తోందా? అయితే లోపల కాలుతోంది. అది పెద్ద పని. ఈలోగా ఆయిల్ పోస్తూ ఉండాలి, అయిపోతే ఇంజన్ పట్టేస్తుంది.

అభ్యాసం: ఖాళీలో 'రు' రాయాలా, 'లు' రాయాలా?
అట్ట మీద మరక లేదు, పొగ నీలంగా ఉంది. ఆయిల్ కా__తోంది.