పెట్టెల వేట

2000వ సంవత్సరము మే నెల ఆరంభమున, పౌరులకు అందు జి.పి.ఎస్. సంకేతములలో తాము బుద్ధిపూర్వకముగా కలుపుచున్న దోషమును అమెరికా ప్రభుత్వమువారు తొలగించిరి. ఆ నెల 3వ తేదీన డేవ్ అల్మర్ అను నతడు ఆరిగన్ రాష్ట్రమున బీవర్‌క్రీక్ సమీపమందు ఒక బకెట్టును దాచి, దాని అక్షాంశ రేఖాంశములను వెల్లడించెను. అన్వేషకులు కొలది దినములలోనే దానిని కనుగొనిరి. దాచిన పెట్టెలను వెదకు ‘జియోకాషింగు’ అను వినోదమున కదియే నాంది.

తొలుత వేటగాండ్రు ఒక్కొక్క పెట్టె స్థానమును మీటలు నొక్కి చేతి పరికరమున కెక్కించుకొనెడివారు. అక్షాంశమున ఒక్క నిమిషము పొరపడినచో దాదాపు 1.85 కిలోమీటర్లు దారి తప్పినట్లే! పదిచోట్లకు పోదలచినవాని ప్రయాస చెప్పనేల?

పిమ్మట జి.పి.ఎక్స్. అను ఫైలు వాడుకలోనికి వచ్చెను. వందలకొలది పెట్టెల పేర్లు, స్థానములు, వర్ణనలు, సూచనలు ఒక్క ఫైలున ఇముడును. పరికరమును తీగతో కంప్యూటరునకు తగిలించి, ఆ ఫైలును అందలి తగిన ఫోల్డరులో నుంచవలెను. గార్మిన్ పరికరములలో ఆ ఫోల్డరు పేరు కూడ జి.పి.ఎక్స్. అనియే యుండును. తరువాత పరికరమును సక్రమముగా విడదీసి తిరిగి వెలిగించినచో పెట్టెలన్నియు తెరపై కనబడును.

వివేకి అంతటితో తృప్తినొందడు. తొలగింపబడిన పెట్టెలు పాత ఫైళ్లలో మిగిలియుండవచ్చును గనుక వాటిని తీసివేయును. క్రొత్త జాబితాను తెరచి సరిచూచుకొనును. అడవిలో టెలిఫోను పనిచేయకపోవచ్చును. ఉపగ్రహముల సంకేతములు తానున్న చోటును మాత్రమే తెలుపును. పోవలసిన చోటును తెలుపునది ముందుగా నింపుకొన్న ఫైలే. ఇంటియొద్ద వహించిన శ్రద్ధయే అడవిలో దారి చూపును.